మనవరాలి బండికి పట్టున్న టైర్లు

ఆషాఢంలో, పాతబస్తీ బోనాలకు సరిగ్గా వారం ముందటి ఆదివారం, పొద్దున ఆరుంపావుకు, నా మనవరాలి బండి వెనక చక్రం మా ఇంటి ముందు షాబాద్ బండల మీద జర్రున జారింది. గడియ ఎట్లా గుర్తుందంటే, సరిగ్గా అప్పుడే నా కొడుకు చేతి గడియారం చూసుకుని "ఆరుంబావు అయింది, ఇగ కదులుండ్రి" అని కేక పెట్టాడు. బండి పక్కకు ఒరిగింది. పిల్ల రెండు కాళ్ళూ కింద ఆనించి, పళ్ళు బిగబట్టి, హ్యాండిల్ గుంజి నిలబెట్టుకుంది.

అవి కొత్త టైర్లు. ఉస్మాన్‌గంజ్ దాకా పోయి, గోరు గుచ్చి చూసి, దుకాణంవాడితో వాదన వేసుకుని నేను ఏరి తెచ్చినవి. జారకూడదనే తెచ్చాం. గుమ్మం దిగీ దిగకముందే జారాయి.

ఎందుకు జారాయో చెప్పే ముందు, ఎందుకు కొన్నామో చెప్పాలి.

మాది గౌలిపురా. మా అత్తగారి తాతల నాటి నుంచీ మా ఇంట్లో బర్రెలు, పాలు. ఇప్పుడు కొట్టంలో పశువులు తగ్గాయి, ఉన్నవాటిని నా మరిది చూసుకుంటాడు. నా కొడుకుది కరెంటు ఆఫీసులో నౌకరీ. వాడికి ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల చదువు ముగించి ల్యాబులో పనికి కుదిరింది. తన సంపాదనతో ఒక పాత డర్ట్ బైక్ కొన్నది. అది రోడ్డు మీద తిరిగే బండి కాదు. మట్టిలో, రాళ్ళలో, గట్ల మీద దుంకిస్తూ నడిపేది. సీటు పేరుకే ఉంటుంది, నడిపే మనిషి సగం సేపు నిలబడే ఉంటుంది. మొదటిసారి చూసి "ఇది బండి గాదు, పలుపు తెంపుకున్న దూడ" అన్నాను. తరువాత ఒకరోజు ఊరి బయటి మైదానంలో ఆ పిల్ల దాన్ని గట్టు మీది నుంచి ఎగిరించి మెత్తగా దింపడం చూశాను. అప్పటి నుంచి నేను పిల్ల పక్షం.

ఎండాకాలంలో అదే మైదానంలో పడింది. మణికట్టు విరిగింది. బండితోపాటు వచ్చిన పాత టైర్లు అరిగి బోడిగుండులా తయారయ్యాయి. వంపులో మట్టిని పట్టలేకపోయాయి. పడింది నడపరాక కాదు, టైరు పట్టక. ఈ మాట నేనెన్నిసార్లు చెప్పినా నా కొడుకు చెవికి ఎక్కలేదు. పిండికట్టు విప్పించుకుని వచ్చిన సాయంత్రమే ఇంట్లో లొల్లి మొదలైంది.

"బండి అమ్ముత," అన్నాడు. "బహదూర్‌పురాల ఒకాయన అడుగుతున్నడు. మాట్లాడిన."

"నా బండి నన్నడగకుండ ఎట్ల మాట్లాడినవ్ డాడీ?"

"నన్నడిగి విరగ్గొట్టుకున్నవా చెయ్యి?"

నేను మధ్యలో దూరాను. "ఒక్కసారి తన్నిందని బర్రెను అమ్ముకుంట పోతె మన కొట్టంల గుంజలే మిగులుతుండె. ఆ టైర్లు మార్చి చూడు ముందు."

"టైరు మారితె ఎముక అతుక్కుంటదా అమ్మా?"

"ఎముక అతుక్కున్నది. నీ భయమే ఇంక అతుకుత లేదు."

అది వాడికి తగిలింది. వాడు పిరికివాడు కాదు, కరెంటు స్తంభాలు ఎక్కినవాడు. బిడ్డ దగ్గరకు వచ్చేసరికే ఆ ధైర్యం ఉండదు. ఆఖరుకు ఒక మాట మీదికి వచ్చాడు. ఆషాఢంలో ఊరి బయట మట్టి రేసు ఉంది. పిల్ల పడకుండా పూర్తి చేస్తే బండి ఇంట్లో ఉంటుంది. పడితే ఆ సాయంత్రమే బహదూర్‌పురా పోతుంది. కొనేటాయనకు కూడా ఫోన్‌లో అదే చెప్పాడు. ఆయన సరేనని, తానూ వచ్చి కళ్ళారా చూస్తానన్నాడు.

"పడుడు అంటే ఏందో అది గూడ ఇప్పుడే తేల్చుండ్రి," అన్నాడు నా మరిది. వయసులో తాలీంలో కుస్తీ పట్టినవాడు, ఏ పందెమైనా వాడికి కుస్తీయే. "కాలు పెడితె పడ్డట్టు గాదు. మోకాలు పెడితె గూడ గాదు. వీపు మట్టికి తగిలితెనే చిత్."

"బండికి వీపు ఏడిది బాబాయ్?" అన్నాడు నా కొడుకు.

"పక్క ఉంటది గద. బండి పక్క నేలకు తగిలితె పడ్డట్టు. తగలకుంటె లేదు."

అందరం ఒప్పుకున్నాం. ఇక మిగిలింది టైర్లు.

పిల్ల ఫోన్‌లో బొమ్మలు చూపించి "ఇవి తెప్పిస్త నానమ్మా, మూడొద్దులల్ల ఇంటికొస్తయ్" అన్నది. చేత్తో పట్టి చూడనిది మా ఇంట్లో తాడు కూడా కొనరు. మర్నాడు ఆటో ఎక్కించుకుని తీసుకుపోయాను. ఉస్మాన్‌గంజ్ దాటాక ఒక సందులో టైర్ల దుకాణం. గడ్డం నెరిసిన ముసలాయన గల్లా దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"క్యా హోనా అమ్మా?" అని అడిగాడు. ఏం కావాలని.

"మట్టిల నడిపే బండికి టైర్లు. జారొద్దు. జల్ది అరగొద్దు."

ఆయన చాయ్ కప్పు పక్కన పెట్టాడు. "రెండు ఒక్కదాంట్లనే అడుగుతున్నవ్. పట్టేది మెత్తగుంటది, మెత్తటిది అరుగుతది. అరగనిది గట్టిగుంటది, గట్టిది జారుతది. గిది నేను పెట్టిన కానూన్ గాదమ్మా."

"మధ్యల ఏం లేదా?"

"ముందు కూసో. అన్ని చూడు."

ఆయన మూడు టైర్లు దించి నా ముందు పెట్టాడు. మూడింటికీ ఒళ్ళంతా చొక్కా గుండీల్లాంటి రబ్బరు ముద్దలున్నాయి. మొదటిదాని గుండీలు పొడుగ్గా, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. నాకు చూడగానే నచ్చింది. వేళ్ళు సందుల్లో దూర్చి చూశాను, మట్టి నిలవదు. ఇదే ఇవ్వమన్నాను.

"ఏడ నడుపుతరు?" అని ఆయన పిల్లను అడిగాడు. పిల్ల ఫోన్‌లో మైదానం వీడియో చూపింది. కింద జిగట మట్టి గుంత, దాని నుంచి ఏటవాలు, పైన అంతా రాళ్ళు, మొరం.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "గీ పొడుగు గుండీలు కింది బురదల షేర్‌లెక్క, పులిలెక్క పోతయ్. పైన రాయి మీదికి ఎక్కంగనే వంగుతయ్, ఊగుతయ్, మొదట్ల నుంచి చిరుగుతయ్. రెండు ఆదివారాలు నడిస్తె మస్తు." రెండోదాన్ని తట్టాడు. దాని గుండీలు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. "గిది రాయి మీదికి మంచిది. బురదల దిగిందా, సందులు నిండుతయ్, గుండు గుండు అయితది."

అప్పుడు నాకు సంగతి తెలిసింది. బర్రె గిట్ట బురదలో దిగితే రెండుగా విచ్చుకుంటుంది, ఎత్తితే ముడుచుకుంటుంది. మట్టి అంటదు. అదే బర్రెను నున్నటి బండల మీద నడిపిస్తే అడుగడుక్కూ జారుతుంది. మేక సంగతి తిరగేసి చూడండి. రాళ్ళ మీద దుంకుతుంది, బురదలో దిగబడుతుంది.

"అన్నా, బర్రెకు మేకకు నడుమ గిట్ట ఉన్నదా నీ దగ్గర?"

ఆయనకు నవ్వు ఆగలేదు. మూడోది నా ఒడిలో పెట్టాడు. "గిదే. కంపెనీ పేరు ఏందో ఉంటది గని, నేనైతె బీచ్‌వాలా అంట. నడిమిది." గుండీలు మరీ పొడుగు కాదు, మరీ పొట్టి కాదు. నడుమ వరసవి దగ్గరగా, అంచులవి దూరంగా ఉన్నాయి. ప్రతి గుండీ మొదట్లో రబ్బరు మందంగా పోసి ఉంది. అట్లా ఉంటే రాయి తగిలినా తెగదట.

బొటనవేలి గోరు గుచ్చాను. రబ్బరు లోపలికి దిగి, లేచింది. గోరు గుర్తు మెల్లగా పోయింది. తరువాత అంచు పట్టి పిసికాను, వాసన చూశాను.

"ఏందమ్మా, పొదుగు చూస్తున్నవా?" అన్నాడాయన.

"పాలిచ్చేదాన్ని పొదుగు చూడకుండ కొంటమా?"

"నానమ్మా, జర మెల్లగ," అన్నది పిల్ల. దుకాణంలో ఇంకో ఇద్దరు మా వైపే చూస్తున్నారు.

టైరు పక్క గోడ మీద నాలుగంకెలు పోసి ఉంటాయని, మొదటి రెండూ తయారైన వారమని, తరువాతి రెండూ సంవత్సరమని ఆయనే చెప్పాడు. రబ్బరు దాచిన కొద్దీ ఎండి గట్టిపడుతుందని, అందుకే అది చూసి కొనాలన్నాడు. నాకు అక్షరాలు, అంకెలు యాభై దాటాకనే వచ్చాయి. నా కోడలు నేర్పింది, పాలు పితికాక కొట్టం గోడ మీద బొగ్గుతో. అప్పటి నుంచి ఏ రాత కనబడ్డా చదవకుండా వదలను. ఒడిలోని టైరును తిప్పి, వేలు పెట్టి చదివాను.

"అన్నా, ఇది నిరుటిది గూడ గాదు, ఇంకెనకటిది. పాశిన రొట్టె కాల్చి తాజాది అంటవా?"

"చదువుడు నేర్పినోనికే పరీక్ష పెట్టినవ్ గదమ్మా," అంటూ లేచి, నిచ్చెన వేసుకుని అటక మీది నుంచి ఈ ఏటివి దించుకొచ్చాడు. కోపం రాలేదు సరికదా, బాణం గుర్తు ఎటు ఉంటే చక్రం అటు తిరగాలని, తిరగేసి బిగిస్తే పట్టు సగమవుతుందని పిల్లకు చూపించాడు. మందపాటి ట్యూబులు ఏరి ఇచ్చాడు. బేరం సంగతి రాయను. ఇద్దరం బాగానే అరుచుకున్నాం, ఇద్దరం నవ్వుతూ లేచాం.

శనివారం మా గల్లీ చివర పంక్చర్ దుకాణంలో బాణం చూసి మరీ బిగించాం. కొత్త రబ్బరు మీద అచ్చులో నుంచి వచ్చిన నునుపు ఉంటుందట. అది పోవాలని పిల్ల సాయంత్రం వరకు కంకర మీద తిప్పి తెచ్చింది. గుండీల కొనలు గరుకెక్కాయి. చెయ్యి పెడితే పిల్లి నాలుకలాగ ఉన్నాయి. కొట్టంలో నిలబెట్టి పడుకున్నాం.

ఇక ఆదివారం ఆరుంపావు.

జారిన చక్రాన్ని ముట్టుకున్నాను. చెయ్యి జిడ్డుగా వచ్చింది. వాసన చూశాను. ఆముదం.

నా మరిది మీసం దువ్వుకుంటూ కొట్టం గడపలో నిలబడ్డాడు. మా వాళ్ళకు దీపావళి తరువాత సదర్ ఉంటుంది. దున్నపోతులను ముస్తాబు చేసి పదిమందిలోకి తెచ్చే పండుగ. వారం ముందు నుంచే వాటికి నూనె పట్టిస్తారు, తోలులో మన మొహం కనబడాలి. మా ఇంటి నుంచి పందేనికి బయలుదేరేదేదీ పొడిబారిన ఒంటితో పోకూడదని వీడి పట్టుదల. పాలు పితికే ముందే లేచి, ఒక్క గుండీ వదలకుండా రెండు టైర్లకూ ఆముదం పట్టించాడు.

"చిన్నతాతా, ఏం చేసినవ్ ఇది?"

"మెరుస్తున్నయ్ గద బిడ్డా. చూడు, మొకం కనబడుతది."

"నా మొకం గాదు, ఇగ వీపే కనబడుతది అందరికి."

వాడి మొహం అప్పుడు చూడాలి. దున్నపోతును పోగొట్టుకున్నవాడిలా అక్కడే గడపలో కూలబడ్డాడు. నా కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడు ఒక్కమాట అంటే అయిపోయేది. ఈ టైర్లతో పంపను, పందెం లేదు, బండి ఇచ్చేస్తా అని. నేను వాడికి ఆ సందు ఇవ్వలేదు.

"కుడితి పొయ్యిల బూడిద ఉన్నది, తెండ్రి," అన్నాను. "నెయ్యి గిన్నెలు దేనితోని తోముతం? దానితోనే."

పొడి బూడిద చల్లి నూనె పీల్చనిచ్చాం. తరువాత కోడలు వేడినీళ్ళు, గిన్నెల సబ్బు తెచ్చింది. కొబ్బరి పీచు తీసుకుని మరిది ముందు టైరు, నేనూ పిల్లా వెనక టైరు తోమడం మొదలుపెట్టాం. గుండీల సందుల్లోకి పీచు పోదు, వేలితోనే తియ్యాలి. నా నడుము పట్టేసింది. కాసేపటికి నా కొడుకు గొంతు వినబడింది.

"గట్ల గాదు. స్టాండు మీద పెట్టి చక్రం తిప్పుకుంట రుద్దాలె."

ప్యాంటు మడిచి నా పక్కన గొంతుకూర్చున్నాడు. పిల్ల చక్రం తిప్పుతోంటే వాడు రుద్దాడు. ఒక్కో గుండీకీ గోరు గీచి చూశాడు, నూనె మిగిలిందా అని. మళ్ళీ బూడిద, మళ్ళీ నీళ్ళు. గడ్డి మోపులు తెచ్చే ట్రాలీ ఆటో అప్పటికే వచ్చి హారన్ కొడుతోంది. పిల్ల బండిని మళ్ళీ అవే షాబాద్ బండల మీదికి దింపి, బ్రేకు గట్టిగా నొక్కింది. చక్రం నిలిచిన చోటే నిలిచింది.

బండిని ట్రాలీలో కట్టి, మేమూ అందులోనే కూర్చుని పోయాం. రాత్రి వాన పడి మైదానం కింది గుంత అంతా ఎర్రటి జిగటైపోయింది. బహదూర్‌పురా ఆయన మాకంటే ముందే వచ్చి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మంచి మనిషే, మర్యాద తెలిసినవాడు.

"సలాం అమ్మా. బండి మంచిగ కడిగి తెచ్చినట్టున్నరు," అన్నాడు.

"కడిగినం గని నీకోసం గాదు బిడ్డా."

పిల్ల టైర్లలో కొంచెం గాలి తీసింది, బురదలో టైరు వెడల్పుగా ఆనాలని. హెల్మెట్ పెట్టుకుంది. అంతకు ముందు తండ్రి వైపు చూసింది. వాడు ఆమె మణికట్టు వైపు చూస్తున్నాడు.

జెండా ఊపారు. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసే పోయారు. దుకాణపాయన చెప్పింది చెప్పినట్టు నా కళ్ళ ముందు జరిగింది. పొట్టి గుండీల టైర్లవాళ్ళు గుంతలో దిగగానే సందులు నిండి, చక్రాలు బూరెల్లాగా నున్నగా అయి, ఉన్నచోటే గిరగిర తిరిగాయి. పొడుగు గుండీలవాళ్ళు గుంత దాటి పైన రాళ్ళ మీదికి రాగానే తడబడ్డారు, ఒకడు నేను చూస్తుండగానే బోర్లా పడ్డాడు. మా పిల్ల చక్రం మట్టిని పట్టుకుంటోంది, విసిరేస్తోంది, మళ్ళీ పట్టుకుంటోంది. విసిరిన మట్టి గడ్డ ఒకటి వచ్చి నా మరిది మీసానికి అంటుకుంది. వాడు తుడుచుకోలేదు.

ఆఖరి చుట్టులో ఏటవాలు మధ్యన ముందుపోయేవాడు అడ్డంగా పడ్డాడు. పిల్ల తప్పించబోయి పక్కకు వంగింది. బండి వంగింది, ఇంకా వంగింది. మోకాలు మట్టిలో కూరుకుంది. మేమున్న చోటి నుంచి బండి నేలకు అంటినట్టే కనబడింది. నా కోడలు కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు. వెనక చక్రం గుర్రుమని తిరిగి, మట్టి కింది రాయి దొరకబుచ్చుకుని, కరిచింది. బండి లేచింది. పిల్ల దాని మీదనే ఉంది.

మూడోదిగా వచ్చింది. మూడోదంటే మూడోదే, మొదటిదని నేను చెప్పుకోను. కాని ఆ ఏటవాలు మీద ఆగకుండా ఎక్కినవాళ్ళలో ఆమె ఉంది, ఈల వేసినవాళ్ళలో నేను ఉన్నాను.

ఈల చల్లారకముందే బహదూర్‌పురా ఆయన గొడుగు ముడిచాడు. "అమ్మా, పడ్డది. చూసిన నేను. బండి నేలకు తగిలింది."

"నీ కండ్లు బండి మీద ఉన్నయ్, అందుకే గట్ల కనబడ్డది," అన్నాడు నా మరిది.

"ఎవరి కండ్లు గాదు పహిల్వాన్, మాట మాటే. తగిలింది."

అది నిజమో కాదో మాలో ఎవరికీ గట్టిగా తెలియదు. అందరం దూరంగా ఉన్నాం. దగ్గరున్నది ఒక్కడే. ఆఖరి చుట్టు మొదలవగానే నా కొడుకు, జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి ఏటవాలు దాకా పరుగెత్తాడు, బిడ్డ పడితే పట్టుకుందామని. నెత్తి నుంచి చెప్పుల దాకా ఎర్ర మట్టితో వాడు మెల్లగా నడిచి వస్తున్నాడు. పిల్ల హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడింది. బండి అమ్మాలన్నది వాడే. పడిందని వాడొక్క ముక్క అంటే కాదనేవాళ్ళు లేరు.

"నువ్వే చెప్పు భాయ్," అన్నాడు బహదూర్‌పురా ఆయన. "పడ్డదా లేదా?"

నా కొడుకు మొహం మీది మట్టి తుడుచుకున్నాడు.

"పడలే," అన్నాడు. "మోకాలు ఆనింది. బండి పక్క ఆనలే. కింద జానెడు సందుండె. నేను పక్కనే ఉన్న, వంగి చూసిన."

"మళ్ళ ఒకసారి ఆలోచించు."

"ఆలోచించేది లేదు భాయ్. బండి అమ్ముడుకు లేదు. నా బిడ్డది."

బహదూర్‌పురా ఆయన కాసేపు వాడిని చూసి, నవ్వి, చెయ్యి కలిపాడు. "బాపే గవాహీ ఇచ్చినంక, సాక్ష్యం చెప్పినంక నాదేమున్నది." తరువాత వంగి వెనక టైరు గుండీని బొటనవేలితో నొక్కాడు. "అమ్మా, గీ టైర్లు ఏడ తెచ్చిన్రు?"

దుకాణం ఉన్న సందు ఎక్కడో చెప్పాను. నాలుగంకెలు చదివి తీసుకొమ్మని కూడా చెప్పాను.

నా కొడుకు పిల్ల దగ్గరికి పోయాడు. మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నొస్తున్నదా?" అని అడిగాడు.

"లేదు డాడీ. మోకాలు మండుతున్నది."

"ఇంటికి పోయి పసుపు పెడదం," అని బండిని తానే తోసుకుంటూ ట్రాలీ వైపు నడిచాడు.

మా ఇళ్ళలో పశువు బేరం కుదిరినా, తప్పినా, ఆ మాట చెప్పినప్పుడల్లా అక్కడ ఎవరెవరు ఉన్నారో చెప్పి ఆపుతారు. రాత రాని రోజుల్లో అదే మాకు కాగితం. ఇప్పుడు రాయడం వచ్చినా నేను అట్లాగే ఆపుతాను. ఆ ఆదివారం బండి బేరం తప్పిన చోట ఉన్నవాళ్ళం: నేను, కళ్ళు మూసుకుని తెరిచిన నా కోడలు, మీసానికి మట్టితో నా మరిది, ట్రాలీ ఆటో నడిపిన మా గల్లీ అబ్బాయి, గొడుగు పట్టుకుని బహదూర్‌పురా ఆయన, బండి నడిపిన నా మనవరాలు, పడలేదని చెప్పిన నా కొడుకు.